‘నేనైతేనా...’ అన్న విమర్శ

నేను విన్న మొదటి సాహిత్య విమర్శ ‘నేనైతేనా’ అన్న మాటతో మొదలైంది. 2004 మార్చి. నా పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. చిలకలూరిపేట శివార్లలో మా కౌలు చేను పక్కనే కళ్లం. ఎండిన మిరపకాయల కుప్ప చుట్టూ పదిమంది ఆడవాళ్లు కూర్చుని తొడిమలు తీస్తున్నారు, తాలుకాయలు ఏరి పక్కన పోస్తున్నారు. నేను పుస్తకం పట్టుకుని వేపచెట్టు కింద ఉన్నాను. రాత్రి ‘చక్రవాకం’ సీరియల్ చూసినామె చూడనివాళ్లకి కథ చెబుతోంది.

“ఆ పిల్ల నోరు మూసుకు నిలబడిందమ్మా, అంతే. నేనైతేనా...” అని ఆగింది. తర్వాత పది నిమిషాలు ఆమె చెప్పింది సీరియల్లో లేదు. అత్తని ఏమడిగేదో, మొగుడికి ఏం చెప్పేదో, మెడలో గొలుసు ఏం చేసేదో వరసగా చెప్పుకొచ్చింది. ఎదురుగా కూర్చున్నామె ఒప్పుకోలేదు. “అట్టా అంటే ఆ పూటే బయటికి గెంటుతారు. చంకలో పిల్లనేసుకుని యాడికి పోద్ది?” అంది. “పుట్టింటికి పోద్ది” అంది ఇంకొకామె. “పుట్టింటోళ్లు రానిస్తేగా” అని మొదటామే అడ్డుపడి, తను చెప్పిన దాన్ని తనే మార్చుకుంది. మధ్యాహ్నం సద్దిమూటలు విప్పే వేళకి ఆ కథకి మూడు దారులు వచ్చాయి. దేనికి ఎంత ఖర్చవుతుందో కూడా లెక్క తేలింది. ఆ సాయంత్రం మా వసారాలో టీవీ ముందు కూర్చుంటే సీరియల్ పల్చగా అనిపించింది.

తర్వాత చదువులు, హైదరాబాదు, హాస్టళ్లు. 1960, 70లలో వచ్చిన తెలుగు నవలలకి పాఠకురాళ్లు ఎలా స్పందించారన్నది నా పిహెచ్.డి. అంశం. అందులో కళ్లం గురించి ఒక అధ్యాయం రాశాను. చదివిన పెద్దాయన ఒకరు “ఇవి కబుర్లమ్మా, విమర్శ కాదు” అన్నారు. నేను వాదించలేదు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. ఇరవై రెండు పేజీలు తీసేసి సిద్ధాంతగ్రంథం సమర్పించాను. డాక్టరేటు వచ్చింది. అవి తీసేయకుండా ఉండాల్సిందని నాకు తెలిసొచ్చింది చాలా దూరం నుంచి, ఒక అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ గురించి అక్కడి ఆడవాళ్లు మాట్లాడుకున్న మాటలు చదివాక.

ఆ సీరియల్ ‘స్టార్ ట్రెక్’. 1966 సెప్టెంబరులో ఎన్‌బిసి ఛానల్లో మొదలై 1969 జూన్‌లో ఆగిపోయింది. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక, దానికి కిర్క్ అనే కెప్టెన్, భావోద్వేగాల్ని అణుచుకుని తర్కంతో బతికే వల్కన్ జాతికి సగం చెందిన స్పాక్, కమ్యూనికేషన్లు చూసే ఉహురా అనే నల్లజాతి స్త్రీ. చాలినంతమంది చూడటం లేదని రెండో సీజన్‌లోనే ఆపేయాలనుకుంటే బిజో ట్రింబుల్ అనే ఆవిడ, భర్తతో కలిసి, 1967-68లో ఉత్తరాల ఉద్యమం నడిపింది. ఛానల్‌కి బస్తాలకొద్దీ ఉత్తరాలు చేరాయి. మూడో సీజన్ వచ్చింది.

అంతకుముందే, 1967లో, పూర్తిగా ఈ సీరియల్ కోసమే మొదటి అభిమానుల పత్రిక ‘స్పాకనేలియా’ వచ్చింది. తెచ్చినవాళ్లు డెవ్రా లాంగ్‌సమ్, షెర్నా కమర్‌ఫర్డ్. ఇద్దరూ స్త్రీలే. అలాంటి పత్రికలు తర్వాత చాలా వచ్చాయి. వంటింటి బల్ల మీద స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ తీసి, స్టేపుల్ కొట్టి, పోస్టులో పంపుకునేవాళ్లు. చిన్న పత్రికలు నడిపిన మనవాళ్లకి ఆ సిరా మరకల గురించి నేను చెప్పక్కర్లేదు. వల్కన్ల పెళ్లి ఆచారాల మీద వ్యాసాలు, ఫలానా ఎపిసోడ్‌లో స్పాక్ అలా చేయడం అతని స్వభావానికి తగునా అన్న చర్చలు, ఉత్తరాలకి జవాబులు, ఆ జవాబులకి మళ్లీ ఉత్తరాలు, వీటన్నిటికీ మించి కథలు. సీరియల్ వదిలేసిన చోట అందుకుని వీళ్లు రాసిన కథలు. అంటే, ‘నేనైతేనా’.

అభిమాని అంటే మన కళ్లకి ఆడమనిషి కనిపించదు. మన అభిమాన సంఘాలు కుర్రాళ్లవి. కటౌట్లు, పాలాభిషేకాలు, మొదటి రోజు మొదటి ఆట, అన్నీ వాళ్లవే. తెలుగు సినిమా అభిమానుల మీద లోతుగా పనిచేసిన ఎస్.వి. శ్రీనివాస్ ‘మెగాస్టార్’ (2009)లో చదివినా మనకి కనిపించే లోకం ప్రధానంగా మగవాళ్లదే, ఎందుకంటే ఆ సంఘాలు అలాంటివి. ‘ఆదిత్య 369’నే తీసుకోండి. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన సినిమా. సైన్స్ ఫిక్షన్ అనగానే మనవాళ్లందరి నోటా వచ్చే పేరు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లకి వచ్చింది. కాలయంత్రం కనిపెట్టింది నాన్న, ఎక్కి రాయల కాలానికీ, భవిష్యత్తుకీ వెళ్లినవాళ్లలో ఆయన కూతురు కూడా ఉంది. ఆ అమ్మాయికి ఆ యంత్రంతో ఏం పని? ఎక్కడికి వెళ్లాలనుంది? ఆ ప్రశ్న అడిగిన వ్యాసం నేను ఇంతవరకూ చదవలేదు. (నేనూ రాయలేదు.)

అమెరికాలోనూ బయటి లోకానికి స్టార్ ట్రెక్ అభిమాని అంటే మగపిల్లాడే. 1986లో ఒక హాస్య కార్యక్రమంలో కిర్క్ వేషధారి విలియం షాట్నరే అభిమానుల్ని, కాస్త బతుకు చూసుకోండర్రా అన్నట్టు ఎద్దేవా చేశాడు. హెన్రీ జెంకిన్స్ 1992లో ‘టెక్స్చువల్ పోచర్స్’ రాస్తూ ఆ హాస్యం దగ్గరే మొదలుపెట్టి, ఈ కథలు రాసేవాళ్లలో అత్యధికులు స్త్రీలని చూపించాడు. అదే ఏడాది కమిల్ బేకన్-స్మిత్ ‘ఎంటర్‌ప్రైజింగ్ విమెన్’ వచ్చింది. వాళ్ల మధ్య ఏళ్ల తరబడి తిరిగి రాసిన పుస్తకం. నాకు జెంకిన్స్ కన్నా ఈమె పుస్తకం ఎక్కువ ఉపయోగపడింది, ఎందుకంటే ఆమె ఆ స్త్రీల మధ్య ఉన్న భయాల్ని కూడా రాసింది.

ఆ భయాల్లో పెద్దదానికి ఒక పేరుంది. మేరీ స్యూ.

1973లో పౌలా స్మిత్ ‘మెనాజరీ’ అనే అభిమానుల పత్రికలో అర పేజీ వ్యంగ్యకథ రాసింది. అందులో పదిహేనున్నరేళ్ల మేరీ స్యూ నౌకాదళంలో అతి చిన్న లెఫ్టినెంటు. కిర్క్ చూడగానే ప్రేమిస్తాడు. స్పాక్ ఆమె తర్కానికి తలవంచుతాడు. అందరూ జబ్బుపడితే తనే ఓడ నడుపుతుంది, నోబెల్ శాంతి బహుమతి తెచ్చుకుంటుంది, చివరికి అందరూ ఏడుస్తుండగా చచ్చిపోతుంది. ఆమె పుట్టినరోజు ఓడకి సెలవుదినం అవుతుంది. అప్పటికి పత్రికలకి వచ్చిపడుతున్న కథల మీద ఎడిటరుగా ఆమెకి కలిగిన విసుగు అది. విసుగు న్యాయమైనదే. నేనూ విద్యార్థుల కథలు దిద్దుతాను, ఆ బాధ నాకు తెలుసు. కథానాయిక కళ్లూ జుట్టూ వర్ణించడానికే మూడు పేజీలైతే ఎవరికైనా విసుగొస్తుంది.

కానీ ఆ పేరు పౌలా స్మిత్ చేతిలో ఆగలేదు. ఆడపాత్ర కొంచెం తెలివిగా ఉన్నా, ఓడ నడిపినా, నాయకుడి కళ్లలో పడినా ‘మేరీ స్యూ’ అనడం మొదలైంది. అలా అంటారేమోనన్న భయంతో ఆడపాత్రలే రాయడం మానేశామని చెప్పిన రచయిత్రులు బేకన్-స్మిత్‌కి కనిపించారు. రాసింది స్త్రీలు, చదివింది స్త్రీలు, వెక్కిరించిందీ స్త్రీలే. కిర్క్, స్పాక్ ఇద్దరి మధ్యే ప్రేమని ఊహిస్తూ స్త్రీలు రాసిన కథల వెల్లువకి ఉన్న అనేక కారణాల్లో ఇదీ ఒకటని నాకనిపిస్తుంది. ఆ కథల్ని సైన్స్ ఫిక్షన్ రచయిత్రి జోఆనా రస్ 1985లో గట్టిగా సమర్థిస్తూ, సమానుల మధ్య ప్రేమ ఎలా ఉంటుందో స్త్రీలు ఊహించుకునే చోటుగా వాటిని చదివింది. నిజమే అయి ఉండొచ్చు. కానీ సమానులిద్దరూ మగవాళ్లే కావాల్సొచ్చింది కదా అన్న బాధ నన్ను వదల్లేదు.

మరి కిర్క్ సంగతేమిటి? స్టార్ ఫ్లీట్‌లో అతి పిన్న వయసు కెప్టెన్ అని పేరు అతనికి. ప్రతి గ్రహంలోనూ ఒక స్త్రీ అతన్ని ప్రేమిస్తుంది. 1987లో వచ్చిన కొత్త సీరియల్లో పెద్ద ఇంజనీర్లకి తెలియనివి తేల్చి ఓడని కాపాడే కుర్రాడొకడు ఉంటాడు. వాడి పేరు వెస్లీ. సృష్టికర్త జీన్ రాడెన్‌బరీ పూర్తి పేరు యూజీన్ వెస్లీ రాడెన్‌బరీ. మగవాడు తన పేరే పెట్టి తనని కథలో కూర్చోబెడితే అది సీరియల్ అయింది. పదిహేనేళ్ల అమ్మాయి సైక్లోస్టైల్ కాగితాల మీద ఆ పనే చేస్తే అది ఒక రోగం పేరైంది. 2015లో ‘స్టార్ వార్స్’లో రే అనే అమ్మాయి కత్తి పట్టగానే మళ్లీ అదే పేరు పెట్టి తిట్టారు. ఈసారి ముందు వరసలో మగవాళ్లున్నారు.

ఇది చదువుతున్నప్పుడు నా సిద్ధాంతగ్రంథం నాకే ఎదురొచ్చింది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ గురించి నేనేం రాశాను? పాఠకురాలు జయంతిలో తనని చూసుకుంటుందనీ, రాజశేఖరం లాంటి మగవాణ్ణి కలగంటుందనీ, అందువల్ల వాస్తవాన్ని మర్చిపోతుందనీ రాశాను. ఆరడుగుల అందగాడు, పడవంత కారు అని మనందరం నవ్వుకున్న మాటే నేను పరిభాషలో చెప్పాను. ఆ పాఠకురాళ్లని నేను ఒక్కసారైనా “మీరైతే ఏం చేసేవాళ్లు?” అని అడగలేదు. జానిస్ రాడ్‌వే 1984లో ‘రీడింగ్ ది రొమాన్స్’ కోసం ఒక ఊళ్లో ప్రేమనవలలు చదివే స్త్రీల దగ్గరికి వెళ్లి అడిగింది. చదవడమంటే ఇంటి చాకిరీ నుంచి తమకోసం కాస్త సమయం తీసుకోవడమని వాళ్లు చెప్పారు. పూర్ణిమ మంకేకర్ దూరదర్శన్ సీరియళ్లు చూసే స్త్రీలతో ఢిల్లీలో కూర్చుని మాట్లాడి 1999లో పుస్తకం తెచ్చింది. ఈ రెండు పుస్తకాలూ నా ఉపయుక్త గ్రంథసూచిలో ఉన్నాయి. ఉన్నాయి, అంతే. మా ఊరికి బస్సు చార్జీ ఎంతో నాకు తెలియదా?

స్త్రీ తనని కథలో పెట్టుకోవడం మొన్నటి సంగతీ కాదు. 1905లో మద్రాసు నుంచి వెలువడే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో రొకియా సఖావత్ హుసేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ అచ్చయింది. కథ చెప్పేది ‘నేను’. మగవాళ్లు లోపల ఉండి, ఆడవాళ్లు సూర్యరశ్మితో వంట చేస్తూ రాజ్యమేలే దేశంలో ఆ ‘నేను’ నడుస్తుంది. ‘నేనైతేనా’ అన్న మాటని ఒక దేశం మొత్తానికి సాగదీస్తే అలా ఉంటుంది.

జెంకిన్స్ ‘పోచింగ్’ అన్న మాట మిషెల్ ద సెర్తో దగ్గర తీసుకున్నాడు. జమీందారు అడవిలో దొంగచాటుగా వేటాడటం. అభిమానులు కూడా అలా పరాయివాళ్ల కథలోకి చొరబడి తమకి కావలసింది తెచ్చుకుంటారని. వేట మగవాళ్ల మాట, నాకు నచ్చలేదు. మా వైపు కోత అయ్యాక చేలో రాలినవి ఏరుకోవడాన్ని పరిగె ఏరడం అంటారు. పత్తి చేలోనూ ఆఖరి తీత అయ్యాక మిగిలిన గుల్లల్లో దూది పీకేది ఆడవాళ్లూ పిల్లలే. అది దొంగతనం కాదు, కానీ హక్కూ కాదు. రైతు చూసీచూడనట్టు ఊరుకోవాలి. స్టార్ ట్రెక్ స్టూడియో కూడా డబ్బు చేసుకోనంతకాలం చాలావరకు అలాగే ఊరుకుంది. 2016లో అభిమానులు తీసే సినిమాలకి నిబంధనలు పెట్టింది. ఒక్కో భాగం 15 నిమిషాలు దాటకూడదన్నది వాటిలో ఒకటి. పరిగె ఏరేవాళ్ల గంపకి కొలత పెట్టడం ఇది.

ఇంతవరకు రాసి, అభిమాన స్త్రీలందరినీ ఒకే చాప మీద కూర్చోబెడితే తప్పు చేసినదాన్నవుతాను. సైక్లోస్టైల్‌కీ, పోస్టు ఖర్చుకీ, సదస్సులకి ప్రయాణాలకీ డబ్బూ తీరికా కావాలి. ఆ పత్రికలు నడిపినవాళ్లలో ఎక్కువమంది చదువుకున్న తెల్ల స్త్రీలు. వాళ్ల వేల పేజీల్లో ఉహురాకి దక్కిన చోటు చాలా తక్కువ. నిషెల్ నికోల్స్ ఆ పాత్ర వేస్తున్నప్పుడే తన మాటలు కోసేస్తున్నారని విసిగి మానేద్దామనుకుంది. మార్టిన్ లూథర్ కింగ్ కలిసి, నువ్వక్కడ ఉండటమే ముఖ్యం, వదలొద్దని చెప్పారని తర్వాత ఆమే చాలాసార్లు చెప్పుకుంది. ఉండిపోయింది. 1977లో నాసా కోసం స్త్రీలనీ నల్లవాళ్లనీ వ్యోమగాములుగా చేరమని పిలుస్తూ దేశమంతా తిరిగింది.

2009 సినిమాలో ఉహురా, స్పాక్ ప్రేమికులయ్యారు. అభిమానులు రెండుగా చీలారు. ఉద్యోగంలో సమర్థురాలైన స్త్రీని చివరికి ఒకడి ప్రియురాలిని చేశారు, ఇది వెనకడుగు అని కొందరు స్త్రీవాదులు కోప్పడ్డారు. నల్లజాతి స్త్రీలు ఎదురు తిరిగారు. తెర మీద మేం ఎప్పుడూ పనిచేస్తూనే ఉన్నాం, మోస్తూనే ఉన్నాం, మమ్మల్ని ఎవరైనా అపురూపంగా చూసుకోవడం ఇంతవరకు లేదు, మీకు పాతబడిపోయింది మాకింకా అందనే లేదు, అన్న అర్థంలో వాళ్లు మాట్లాడారు. తొంభైల నుంచీ మన దళిత స్త్రీలు స్త్రీవాదాన్ని అడుగుతూ వచ్చిన ప్రశ్నలు, గోగు శ్యామల ‘నల్లపొద్దు’గా కూర్చి మన చేతికిచ్చిన గొంతులు ఎరిగినవాళ్లకి ఈ వాదన కొత్తది కాదు. విముక్తికి అందరూ ఒకే మెట్టు మీద నుంచి బయల్దేరరు. ఒక సినిమా ముద్దు గురించి అభిమానులు వాదించుకుంటూ ఈ సంగతి తేల్చారు. అది కబుర్లే అయితే, కబుర్లకి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

మా కళ్లంలోనూ అందరూ ఒకే చోట కూర్చోలేదు. నేను నీడలో, వాళ్లు ఎండలో. టీవీ మా వసారాలో, వాళ్లు గడప అవతల. ‘చక్రవాకం’ కథ చెప్పినామె మాదిగపల్లె నుంచి వచ్చేది. మెట్ల మీద నిలబడి చూసి, ఇంటికెళ్లి వండుకుని, పొద్దున్నే కళ్లంలో చెప్పేది. నేను కొట్టేసిన అధ్యాయంలో ఈ మెట్ల ప్రస్తావన లేదు. ‘గ్రామీణ శ్రామిక స్త్రీలు’ అని రాసి ఊరుకున్నాను. పెద్దాయన ఆ అధ్యాయం వద్దన్నది వేరే కారణానికైనా, ఆ రూపంలో అది అచ్చు కాకపోవడమే మేలైంది.

స్టార్ ట్రెక్ ఆఖరి ఎపిసోడ్ 1969 జూన్ 3న ప్రసారమైంది. జానిస్ లెస్టర్ అనే శాస్త్రవేత్త ఒకప్పుడు కిర్క్‌ని ప్రేమించింది. కెప్టెన్ల లోకంలోకి ఆడవాళ్లని రానివ్వరన్న కసి ఆమెది. ఏదో పాత గ్రహపు యంత్రంతో అతని శరీరంలోకి తను, తన శరీరంలోకి అతను మారేలా చేస్తుంది. ఓడ నడుపుతుంది. కానీ అరుస్తుంది, వణుకుతుంది, ఎదురుచెప్పినవాళ్లకి మరణశిక్ష అంటుంది. చివరికి శరీరాలు మళ్లీ మారతాయి, ఆమె ఏడుస్తుంది, పాపం మామూలు ఆడదానిలా బతికి ఉంటే ఎంత బావుండేదో అని కిర్క్ జాలిపడతాడు. నిజంగానే ఆ లోకంలో స్త్రీలకి కెప్టెన్ పదవి నిషేధమా, లేక అది ఆమె మతిభ్రమలో అన్న మాటా అన్నది అభిమానులు యాభై ఏళ్లకి పైగా తెంచని చర్చ. 1964లో చిత్రీకరించిన మొదటి నమూనా ఎపిసోడ్‌లో ఓడకి రెండో అధికారి స్త్రీయే అనీ, ఛానల్ ఆ ఎపిసోడ్ తిప్పికొట్టాక ఆ పాత్ర మాయమైందనీ వాళ్లే గుర్తుచేస్తారు. స్త్రీ కెప్టెన్‌గా కథ నడిపే స్టార్ ట్రెక్ సీరియల్ రావడానికి 1995 దాకా పట్టింది.

మొన్న ఫిబ్రవరిలో మా ఊరెళ్లి కళ్లంలో కూర్చున్నాను, ఈసారి కుప్ప దగ్గరే. సీరియళ్లు ఇప్పుడు ఫోన్లో చూస్తున్నారు, అయినా చెప్పుకోవడం ఆగలేదు. ‘చక్రవాకం’ చెప్పినామెకి ఇప్పుడు అరవై దగ్గర పడ్డాయి. “ఏందమ్మాయ్, ఊరికే కూర్చున్నావు, నువ్వూ ఒకటి చెప్పు” అంది. తొడిమలు తీస్తూ జానిస్ లెస్టర్ కథ చెప్పాను. అంతరిక్ష నౌక అనడానికి తంటాలు పడి చివరికి గాల్లో ఓడ అన్నాను. అందరూ విన్నారు. అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

“ఒక సంగతి చెప్పమ్మాయ్” అంది ఆమె, చేతిలో కాయ అట్లాగే పట్టుకుని. “పిచ్చిదని ఓడ ఇయ్యలేదా, ఓడ ఇయ్యకపోతే పిచ్చెక్కిందా?”

సీరియల్లో చెప్పలేదక్కా అన్నాను.

“చెప్పకపోతే మరి కథేం చెప్పినట్టు?” అంది. తాలుకాయ ఒకటి ఏరి పక్కకి విసిరింది. “నేనైతేనా, ఓడెక్కినాక అరవను. నోరు మూసుకుని ఆరు నెలలు నడిపి చూపిత్తా. ఆ తర్వాత చెబుతా నేనెవరో.”

“ఆరు నెలలు ఆ మగోడి ఒంట్లో ఉండాలా?” అని అవతలి పక్క నుంచి ఎవరో నవ్వారు. “మనవల్ల కాదు తల్లీ” అంది ఇంకొకామె. ఇక నన్ను పక్కనపెట్టి వాళ్లలో వాళ్లే మొదలుపెట్టారు.